తీపి చెట్టు మీదే వస్తుంది

పండూ కాయా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొప్పాయి గురించే ఉన్నాయి. చూసి నాకెంతో సంతోషమేసింది. నేను పుట్టింది రైల్వేకోడూరు పక్కన ఒక పల్లెలో, మెట్టింది కడపలో. పుట్టింటివాళ్ళు ఇప్పటికీ బొప్పాయి వేస్తారు. మామిడికీ అరటికీ ఇచ్చే మర్యాద ఈ పండుకు ఎవరూ ఇవ్వరని నాకు చిన్నప్పటి నుంచీ బాధ. చుట్టం వస్తే ఆపిల్ కోసి పెడతారు, బొప్పాయి కోసి పెట్టేవాళ్ళు తక్కువ. కడప, అనంతపురం తోటల్లో పండింది కాగితాలు చుట్టుకుని లారీలెక్కి ఉత్తరాదికి పోతుంటే, పండించిన జిల్లాల్లోనే చాలామంది ఇళ్ళలో దానికి చప్పిడి పండన్న పేరు మిగిలింది. ఆ పేరు పోవాలన్నదే నా పట్టుదల. అందుకే ఈ నెల పేజీ మొత్తం బొప్పాయికే ఇస్తున్నాను.

ప్రశ్న: తోపుడు బండి మీద రెండు కిలోల కాయ కొన్నాను. ఎక్కడా పసుపు లేదు. "నాలుగు రోజులు పెడితే పండుతుందమ్మా" అన్నాడు బండి అబ్బాయి. కాగితంలో చుట్టి పెట్టాను. అన్నట్టుగానే రంగు వచ్చింది, మెత్తబడింది. కోసి తింటే మాత్రం తీపే లేదు. నేను మగ్గబెట్టడంలో ఏం పొరపాటు చేశాను?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

మీరు మగ్గబెట్టిన తీరులో ఏ పొరపాటూ లేదమ్మా. ఆ కాయను తొందరపడి కోశారు, అంతే.

అరటి గెలను పచ్చిగా కోసినా మగ్గితే తియ్యబడుతుంది. అరటికాయ నిండా పిండి పదార్థం ఉంటుంది, మగ్గేటప్పుడు అది చక్కెరగా మారుతుంది. ముదిరిన మామిడికాయలోనూ అదే జరుగుతుంది. బొప్పాయి అలా పిండిని దాచుకోదు. కాయ చెట్టుకు ఉన్నన్నాళ్ళూ ఆకుల్లో తయారైన చక్కెర తొడిమ గుండా లోపలికి దిగుతుంది, అందులోనూ ఎక్కువ భాగం చివరి వారాల్లోనే. తొడిమ తెగితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ తరువాత మన ఇంట్లో తొక్క రంగు మారుతుంది, కండ మెత్తబడుతుంది, వాసన వస్తుంది. తీపి మాత్రం కోసిన రోజు ఎంత ఉందో అంతకు మించి పెరగదు. బియ్యంలో పెట్టినా, గడ్డిలో పెట్టినా, మందు పెట్టినా ఇంతే.

కాబట్టి బొప్పాయికి మగ్గబెట్టడం కంటే ఎంచుకోవడం పెద్ద పని. పూత నుంచి కాయ ముదరడానికి ఇంచుమించు 5 నెలలు పడుతుంది. ముదిరిన కాయ తానే చెబుతుంది. తొడిమ వైపు కాదు, కింది కొన వైపు తిప్పి చూడండి. కాయ పొడవునా గట్లలా కనిపిస్తాయి కదా, రెండు గట్ల నడుమ పల్లంలో, కొన దగ్గర మొదలై పైకి పాకే సన్నని పసుపు చార ఒకటి కనబడుతుంది. మొదట అది పసుపు అని కూడా అనిపించదు, ఆకుపచ్చ కాస్త వెలిసినట్టుంటుంది. వెలుతురులోకి తిప్పితే తెలుస్తుంది. ఆ చార పడితే కాయ కోతకు వచ్చినట్టు. దూరం పంపే రైతులు ఒకటి రెండు చారలు పడగానే కోస్తారు, లారీలో నలగకూడదు కాబట్టి. అలాంటి కాయ ఇంట్లో మగ్గినా బాగుంటుంది. పావు వంతు పసుపెక్కినది దొరికితే మరీ మంచిది. ఒక్క చారా లేని కాయను కూర కోసం కొనండి, పండు కోసం కొనకండి.

మా పుట్టింట్లో ఇంకో గుర్తు చూస్తారు. కాయను గోరుతో కొద్దిగా గీస్తారు. లేత కాయైతే తెల్లటి చిక్కటి పాలు చుక్కలు కట్టి, జిగటగా అక్కడే నిలుస్తాయి. ముదిరిన కాయకు పాలు పలచబడి, ఇంచుమించు నీళ్ళలా జారిపోతాయి. బజారులో ఇలా గీయొద్దు, అమ్మేవాళ్ళ సరుకు పాడవుతుంది. మీ పెరటి చెట్టుకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లోకి తీసుకుని బరువైనది ఎంచుకోండి. బొటనవేలితో నొక్కకండి, అరచేతిలో పట్టుకుని మెల్లగా అదిమి చూడండి. తొడిమ చుట్టూ బూజు ఉన్నా, మెత్తబడినా వద్దు. తొక్క మీద గోధుమ రంగు చుక్కలు, ఎండిన పాల చారికలు కనిపిస్తే భయపడనక్కరలేదు, లోపలి కండకు ఏమీ కాదు. గుండ్రంగా, లోపలికి గుంట పడినట్టున్న మచ్చలు మాత్రం తెగులువి. ఒకటుంటే పండేలోగా నాలుగవుతాయి. అలాంటి కాయ వదిలేయండి.

ప్రశ్న: నేను అనంతపురంలో మిద్దె మీద గదిలో ఉంటున్నాను. రెండు చారలు పడిన బొప్పాయినే జాగ్రత్తగా చూసి తెచ్చాను. ఎండాకాలం కదా, వేడికి త్వరగా మగ్గుతుందనుకున్నాను. పైపైన పండింది, లోపల రబ్బరులా సాగుతోంది. ఇంకొకటి ఫ్రిజ్‌లో పెడితే అసలు పండనే లేదు. ఎక్కడ పెట్టాలి?
– ఒక ఉద్యోగి, అనంతపురం

ఎంచుకోవడం మీకు వచ్చేసింది నాయనా, ఇక పెట్టే చోటు చూసుకోండి. బొప్పాయి మగ్గడానికి 22 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి హాయిగా ఉంటుంది. 32 దాటితే ఆ పని గాడి తప్పుతుంది. రంగు సరిగ్గా రాదు, కండ ఒకచోట మెత్తగా, ఒకచోట సాగుతూ ఉంటుంది. మే నెలలో మన మిద్దె గదుల సంగతి మీకు వేరే చెప్పాలా! రేకుల కింద, స్లాబు కింద బయటికంటే లోపలే ఉక్క ఎక్కువ.

మరీ చల్లదనమూ పడదు. పండని కాయను 10 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో రోజుల తరబడి ఉంచితే మగ్గే శక్తి పోతుంది. బయటికి తీశాక తొక్క మీద గుంటలు పడతాయి, కండ అక్కడక్కడ నీరు పట్టినట్టవుతుంది. పూర్తిగా పండిన దాన్నే ఫ్రిజ్‌లో పెట్టాలి. అదీ కింది అరలో, మూడు నాలుగు రోజులకు మించకుండా.

మీ గదిలో అన్నిటికంటే చల్లటి చోటు నేలే. కిటికీకి దూరంగా, నీళ్ళ కుండ ఉంటే దాని పక్కన, నేల మీద మడత పెట్టిన గోనె పరిచి కాయను దాని మీద పడుకోబెట్టండి. తడి మాత్రం తగలకూడదు. కాయను ముందే కడిగి, తుడిచి, బాగా ఆరనిచ్చి ఒక వార్తాపత్రిక కాగితంలో వదులుగా చుట్టండి. మగ్గే కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు దానంతటదే వెలువడుతుంది, మగ్గమని కాయకు చెప్పేది అదే. కాగితం ఆ వాయువును కొంత పట్టి ఉంచుతుంది, చెమటను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ కవరు వాయువుతో పాటు చెమటనూ పట్టి ఉంచుతుంది కాబట్టి బూజు వస్తుంది. తొందరగా కావాలంటే పండిన అరటిపండు ఒకటి పక్కన పెట్టి చుట్టండి.

బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. డబ్బాలో వాయువు నిలిచి కాయ త్వరగా మగ్గే మాట నిజమే. కానీ బొప్పాయి పలచటి తొక్క గలది, నీరెక్కువ. ఒక్కరోజు ఆదమరిస్తే కింది భాగం చితికి బియ్యమంతా తడుస్తుంది. సపోటాలకు, సీతాఫలాలకు బియ్యం డబ్బా సరే, బొప్పాయికి కాగితమే మేలు.

రోజుకొకసారి విప్పి చూసి, కాయను పక్కకు తిప్పి మళ్ళీ చుట్టండి. ఒకే వైపు పడుకోబెడితే బరువుకు ఆ వైపు నలిగిపోతుంది. మూడు వంతులు పసుపెక్కి, అదిమితే కొద్దిగా లొంగి, కొన దగ్గర తియ్యటి వాసన వస్తే కోసుకోవచ్చు. తొడిమ దగ్గర కాస్త ఆకుపచ్చ మిగిలినా ఫరవాలేదు.

ప్రశ్న: మా అత్తగారు పచ్చి బొప్పాయిని మగ్గబెట్టే ముందు కత్తితో నిలువుగా గీతలు పెడతారు. పాలు కారిపోతే పండు తియ్యగా అవుతుందంటారు. నిజమేనా?
– నంద్యాల నుంచి ఒక కోడలు

అత్తగారి మాట ఊరికే పుట్టింది కాదమ్మా. లేత కాయలో పాలు ఎక్కువ, ఆ పాల వల్లే చేదు, నాలుక మీద చిమచిమ. కొంత పాలు పోతే ఆ చేదు కొంత తగ్గవచ్చు. దాన్నే తీపి అనుకుని ఉంటారు. తీపి పెరగదని పైన చెప్పాను కదా. అసలు ముదిరిన కాయలో పాలే తక్కువ. గీత పెట్టిన చోట తొక్క తెగి తెగులు లోపలికి దిగుతుంది, గీత వెంబడే నల్లగా కుళ్ళు మొదలవుతుంది. చార పడిన కాయ ఒకటి గీతలు లేకుండా మగ్గబెట్టి అత్తగారికి ముందుగా ఒక ముక్క పెట్టి చూడండి.

ప్రశ్న: పండ్ల కొట్లలో బొప్పాయిలన్నీ ఒకే పసుపు రంగులో మెరుస్తుంటాయి. కార్బైడ్ వేసినవో కాదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. ఆహార భద్రతా నిబంధనల్లో 2011 నుంచి ఆ మాట స్పష్టంగా ఉంది. కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, అది ఇథిలీన్ చేసే పనే చేస్తుంది. ప్రమాదమంతా అందులో కలిసి ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలతోనే. వాటిని పీల్చినా, తిన్నా, చేతులతో తాకినా మంచిది కాదు. కార్బైడ్ మూటలు విప్పి కట్టే కూలీలకైతే రోజూ అదే గాలి.

ఇథిలీన్ వాయువు సంగతి వేరు. మూసి ఉన్న గదుల్లో 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళ వరకు, దాన్ని వాడడానికి అనుమతి ఉంది. కాబట్టి ఒకే రంగులో పండిన కాయలన్నీ కార్బైడ్‌వే అనుకోవద్దు.

కంటితో చూసి నూటికి నూరు పాళ్ళు చెప్పడం ఎవరి తరమూ కాదు. అనుమానించదగ్గవి మాత్రం ఉన్నాయి. తొక్క అంతా పండు రంగులో ఉండి, చేతికి రాయిలా తగలడం. కొన దగ్గర ఏ వాసనా లేకపోవడం. కోస్తే కండ పాలిపోయి, గింజలు తెల్లగా లేతగా ఉండడం. కాయ మీద గానీ, పెట్టె అడుగున గానీ బూడిద రంగు పొడి కనిపించినా, వెల్లుల్లిని పోలిన ఘాటు వచ్చినా కొనొద్దు. నా సలహా ఒకటే. పండినది కొనకండి, చార పడినది కొని ఇంట్లో మగ్గబెట్టుకోండి. అలాంటి కాయకు మందు పెట్టే అవసరమే లేదు. ఏది కొన్నా నీళ్ళు ధారగా వదిలి, చేత్తో రుద్ది కడిగాకే కత్తి పెట్టండి.

ప్రశ్న: గుండ్రటి కాయ మంచిదా, పొడుగు కాయ మంచిదా? ఎర్ర కండకూ పసుపు కండకూ బలంలో తేడా ఉందా?
– ఉపాధ్యాయుడు, పులివెందుల

బొప్పాయిలో మగ చెట్లు, ఆడ చెట్లు, రెండూ కలిసిన పూలు పూసే చెట్లు అని మూడు రకాలున్నాయి. ఆడ పువ్వు నుంచి వచ్చిన కాయ గుండ్రంగా ఉండి లోపల డొల్ల పెద్దగా ఉంటుంది. రెండూ కలిసిన పువ్వు నుంచి వచ్చినది పొడుగ్గా ఉండి కండ మందంగా ఉంటుంది. అందుకే వ్యాపారులు పొడుగు కాయ అడుగుతారు, పెట్టెలో సర్దడమూ సులువు. తీపిలో తేడా ఉండదు. ఒకే తోటలో, ఒకే రోజు కోసిన గుండ్రటి కాయ ధరలో తగ్గితే నిరభ్యంతరంగా తీసుకోండి.

మన వైపు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రెడ్ లేడీ. తైవాన్ నుంచి వచ్చిన సంకర రకం కాబట్టి రైతులు తైవాన్ బొప్పాయి అనే అంటారు. కాయ ఒకటిన్నర రెండు కిలోలు తూగుతుంది, కండ ఎర్రగా, గట్టిగా ఉండి ప్రయాణానికి ఆగుతుంది. పాత పెరటి చెట్లలో పసుపు కండవి ఎక్కువ. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సూర్య, అర్క ప్రభాత్ రకాలు కూడా రుచికి చాలా బాగుంటాయి. వీటి కాయలు చిన్నవి, నలుగురున్న ఇంటికి ఒక పూటకు సరిపోతాయి.

ఎర్ర కండలో టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీనే ఉంటుంది. పసుపు కండలో అది దాదాపు ఉండదు, కెరోటిన్ జాతి రంగులు ఉంటాయి. సి విటమిన్ రెండింట్లోనూ దండిగా ఉంది, 100 గ్రాములకు సుమారు 60 మిల్లీగ్రాములు. ఏది దొరికితే అది తినండి మాస్టారూ.

ప్రశ్న: మా తమ్ముడు తోట నుంచి ఒక బస్తా పచ్చి బొప్పాయిలు పంపాడు. గాలికి చెట్లు పడిపోయాయట. ఇవి పండవని మీరే అంటున్నారు. పారేయాలంటే మనసొప్పడం లేదు.
– ఒక అక్క, రాయచోటి

పారేయొద్దు! బొప్పాయికాయను కూరగాయగా చూడడం మనం దాదాపు మరిచిపోయాం. తమ్ముడి కష్టం బస్తాడు ఇంటికొచ్చింది, వారమంతా వండుకోండి, వీధిలోనూ పంచండి.

ముందు కాయ కోసే పద్ధతి చెప్పాలి, చాలామంది ఈ పాల జిగటకే విసిగి కాయను వదిలేస్తారు. చేతులకూ కత్తికీ వేరుశెనగ నూనె రాసుకోండి. రెండు చివరలూ చెక్కి, కాయను నీళ్ళ గిన్నెలో నిలబెట్టి కాసేపు ఉంచితే పాలు నీళ్ళలోకి కారిపోతాయి, నీళ్ళు మజ్జిగ తేటలా మారతాయి. అప్పుడు తొక్క తీసి, నిలువుగా చీల్చి, లోపలి తెల్ల గింజలూ వాటికి అంటిన పలచటి పొరా చెంచాతో గీకేయండి. చేదు ఉండేది ఆ పొరలోనే. ముక్కలు కోసి ఉప్పు నీళ్ళలో పావుగంట ఉంచి, వార్చి, మళ్ళీ ఒకసారి కడగండి. పాలు బట్టల మీద పడితే మరక పోదు, పాత చీర కట్టుకుని కూర్చోండి. కొందరి చర్మానికి ఈ పాలు దురద పెడతాయి, అలాంటివారు చేతి తొడుగులు వేసుకోవాలి.

మా ఇంట్లో కూర ఇలా చేస్తాం. కిలో కాయకు గుప్పెడు వేరుశెనగ గింజలు సన్నటి సెగ మీద వేయించి పొట్టు ఊదేయాలి. ఆరేడు ఎండుమిరపకాయలు, చెంచాడు ధనియాలు, చిన్న ఎండు కొబ్బరి ముక్క కూడా వేయించి, గింజలతో పాటు ఎనిమిది పచ్చి వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి బరకగా దంచాలి. మెత్తగా ఆడిస్తే ముద్దవుతుంది, నూనె తేలుతుంది, కూర పొడిపొడిగా రాదు. బాణలిలో ఆవాలు, జీలకర్ర, మినపప్పు, కరివేపాకుతో తిరగవాత వేసి, ముక్కలు, పసుపు వేసి, నీళ్ళు చిలకరించి మూత పెట్టాలి. ముక్క గాజులా నిగనిగలాడుతూ, గరిటె అంచుకు తెగేలా ఉడికితే చాలు. అప్పుడు మూత తీసి, మిగిలిన నీరంతా ఇగిరే వరకు ఆగి, దంచిన పొడి చల్లి, రెండు నిమిషాలు కలిపి దించేయాలి. నీరు ఇగరకముందే పొడి వేస్తే కూర జావగా మారుతుంది. అక్కడ మాత్రం ఓపిక పట్టండి. జొన్న రొట్టెలోకీ, వేడి అన్నంలోకీ దీన్ని మించిన కూర లేదని నా నమ్మకం. పెసరపప్పు, పచ్చిమిర్చి, కొబ్బరితో పప్పుకూర చేస్తే సంగటిలోకి బాగుంటుంది. కందిపప్పు పులుసులో సొరకాయకు బదులు వేసినా రుచి చెడదు.

పిల్లలున్న ఇల్లైతే టూటీ ఫ్రూటీ చేయండి. బేకరీ కేకుల్లో, ఐస్‌క్రీమ్‌లలో వేసే ఆ రంగు ముక్కలు చాలావరకు పచ్చి బొప్పాయివే. అర కిలో ముక్కలు శనగ గింజంత కోసి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు ఉడికించి వార్చాలి. 300 గ్రాముల చక్కెర, రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి ముక్కలు వేసి, పాకం తీగ సాగే వరకు సన్నటి సెగ మీద ఉంచాలి. బీట్‌రూట్ రసం కొంచెం చేరిస్తే ఎరుపు, పసుపు చేరిస్తే పసుపు. ఒక రాత్రంతా పాకంలోనే వదిలేసి, మరునాడు జల్లెడలో వార్చి, పళ్ళెంలో పరిచి, పలచటి గుడ్డ కప్పి నీడలో ఆరబెట్టాలి. చేతికి అంటుకోనంతగా ఆరాక సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. మిగిలిన పాకాన్ని నిమ్మరసంలో కలుపుకుని తాగవచ్చు.

ప్రశ్న: పొటేలు మాంసం ఎంత ఉడికించినా మెత్తబడదు. పచ్చి బొప్పాయి వేయమంటారు. ఎంత వేయాలి?
– ఆదోని

కిలో మాంసానికి తొక్కతో సహా నూరిన పచ్చికాయ ముద్ద రెండు చెంచాలు చాలు. తొక్కతో ఎందుకంటే పాలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ పాలలోని పపైన్ అనే పదార్థమే మాంసం నారను తెంపుతుంది. ముద్ద పట్టించి గంట ఉంచండి. రాత్రంతా ఉంచితే పైభాగం పిండిలా అయిపోతుంది, లోపల మాత్రం అలాగే ఉంటుంది. పపైన్ 60, 70 డిగ్రీల వేడి దగ్గర చురుగ్గా పనిచేస్తుంది, బాగా మరిగితే దాని పని అయిపోతుంది. అందుకని మొదట్లో మంట తగ్గించి మెల్లగా వేడెక్కనివ్వండి. నేరుగా కుక్కర్లో పెట్టి కూతలు వేయిస్తే బొప్పాయి వేసిన లాభం సగమే. లేత మాంసానికీ, కోడికీ ఇది అక్కరలేదు. పండిన బొప్పాయి ఈ పనికి రాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇప్పుడు మూడో నెల. బొప్పాయి వాసన కూడా తగలనివ్వొద్దని అందరూ అంటున్నారు. తనకేమో ఆ పండంటే ప్రాణం.
– ఒక తల్లి, కడప

పచ్చి బొప్పాయి, దోర బొప్పాయి ఏ రూపంలోనూ వద్దు. కూరలో వద్దు, మాంసంలో వద్దు, పచ్చడిలో వద్దు. ఆ పాలకు గర్భసంచిని సంకోచింపజేసే గుణం ఉంది. ఇందులో పెద్దవాళ్ళ మాట సరైనదే. పూర్తిగా పండిన పండులో పాలు దాదాపు ఉండవు, కొద్దిగా తింటే హాని లేదని చెప్పే వైద్యులున్నారు. కానీ కాయ నిజంగా ఎంత పండిందో బయటి నుంచి చెప్పడం కష్టం కాబట్టి, అమ్మాయిని చూస్తున్న డాక్టరును అడగకుండా ఒక్క ముక్క కూడా పెట్టకండి. ఈ కొన్ని నెలలూ జామ, బత్తాయి పెట్టండి. జామలో సి విటమిన్ దండిగా ఉంటుంది. కాన్పయ్యాక తనకిష్టమైన పండు మీరే కోసి పెడుదురు గాని.

ప్రశ్న: బొప్పాయి, పాలు కలిపి జ్యూస్ చేసి పిల్లలకు బాటిల్లో పోసి పంపాను. మధ్యాహ్నానికి చేదెక్కిందట.
– ధర్మవరం

మాంసం నారను తెంపే ఆ పపైనే పాలలోని మాంసకృత్తులనూ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలకు చేదు ఉంటుంది. పండులో పపైన్ తక్కువే అయినా కొన్ని గంటలు ఉంటే చాలు. పాలతో చేస్తే చేసిన వెంటనే తాగేయాలి. బడికి పంపాలంటే పాలు లేకుండా, నిమ్మరసం పిండిన ముక్కలు డబ్బాలో పెట్టండి. నిమ్మరసం బొప్పాయి వాసనను కూడా అణుస్తుంది, వాసన గిట్టని పిల్లలు సైతం తింటారు.

ప్రశ్న: చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు తినవచ్చా?
– తాడిపత్రి

100 గ్రాముల పండులో చక్కెర 8 గ్రాముల లోపే. భోజనంతో కలపకుండా, విడిగా, ఒక చిన్న గిన్నెడు ముక్కలు తినవచ్చు. జ్యూసు వద్దు, పైన చక్కెర, తేనె అసలే వద్దు. మీ పరీక్షల లెక్క చూసి డాక్టరు చెప్పిన కొలతే చివరి మాట.

ప్రశ్న: గింజలు ఎండబెట్టి మిరియాల్లో కలుపుతారని విన్నాను.
– కదిరి

విన్నది నిజమే. ఎండిన బొప్పాయి గింజ ముడతలు పడి చూపుకు మిరియంలా ఉంటుంది. కాస్త ఘాటు కూడా ఉంటుంది. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు మిరియాలు వేయండి. మంచి మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. చేతిలో పట్టి చూస్తే బొప్పాయి గింజ కోలగా, తేలికగా ఉంటుంది.

ప్రశ్న: తిన్న పండు గింజలే పెరట్లో నాటాను. మూడు మొక్కలు బతికాయి. ఒకటి పొడుగాటి తీగలకు గుత్తులు గుత్తులుగా పూస్తుంది, కాయదు. మరొకటి కాస్తుంది కానీ ఆ పండులా లేదు.
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

తీగలకు వేలాడే గుత్తులు పూసేది మగ చెట్టమ్మా, దాన్ని తీసేయవచ్చు. చుట్టుపక్కల ఇళ్ళలో ఎక్కడా బొప్పాయి లేకపోతే మాత్రం ఆడ చెట్టుకు పుప్పొడి కోసం ఒకటి ఉండనివ్వండి. మీరు తిన్నది రెడ్ లేడీ అయ్యుంటుంది. సంకర రకం గింజ నాటితే తల్లి పోలిక రాదు. ఈసారి గింజలకు బదులు నర్సరీ నుంచి మొక్క తెచ్చుకోండి. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అటు వెళ్ళే పని పడితే మన నేలకు తగిన రకమేదో అక్కడివాళ్ళను అడగండి. మొక్క చుట్టూ మట్టి ఎగదోసి పెట్టండి, మొదలు దగ్గర నీళ్ళు నిలవకూడదు. ఒక రెండు రోజులు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి చెట్టు వాలిపోతుంది. మే నెల ఎండకు పూత రాలితే బెంగపడకండి, చల్లబడ్డాక మళ్ళీ నిలుస్తుంది.

కాస్తున్న చెట్టు సంగతి. పండు చిన్నదైనా, ఆకారం మారినా, బజారు కాయకు లేని అవకాశం దానికుంది. లారీ ఎక్కే పని లేదు కాబట్టి పావు వంతు పసుపెక్కే వరకు చెట్టు మీదే ఉంచండి. అప్పటికి ఉడుతలు, చిలకలు పసిగడతాయి. చార పడిన రోజే పాత చొక్కా గుడ్డతో కాయను వదులుగా చుట్టి తొడిమ దగ్గర దారంతో కట్టండి. ప్లాస్టిక్ సంచి కట్టొద్దు, లోపల చెమ్మ పట్టి కాయ కుళ్ళుతుంది. కోసేటప్పుడు లాగకుండా, తొడిమ కాయకే ఒక అంగుళం మిగిలేలా కత్తితో కోయండి.